ఎంత పదునైతే పదును?

డిసెంబరు నెల. పామర్రు చుట్టుపక్కల చేలల్లో కోతలు చివరికొచ్చాయి. గుడివాడ రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. మా అక్క మనవడు అమెరికా నుంచి సెలవులకు వచ్చాడు. పదమూడేళ్ళ వాడు. వాళ్ళు ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో రెండు రోజులు ఆగుతారట. అక్కడ ఒక మాల్‌లో మంచు పరిచిన రింకు ఉందని, దాని మీద ఆడాలని, వాడు తన స్కేట్లు సంచిలో వేసుకుని మరీ తెచ్చుకున్నాడు.

"తాతయ్యా, వీటికి ఇక్కడ సాన పట్టిస్తారా?" అని అడిగాడు.

ఎందుకు పట్టించరు అనుకున్నాను. కొడవళ్ళకీ గొడ్డళ్ళకీ కత్తిపీటలకీ పట్టించే ఊళ్ళో రెండు ఇనుప పలకలకు కరువా? వాణ్ణి వెంటబెట్టుకుని కొలిమి దగ్గరికి వెళ్ళాను. ఆచారి ఆ బూటును తిప్పి, బ్లేడును వెలుతురుకు ఎత్తి పట్టి ఒక కన్ను మూసి చూశాడు. బొటనవేలి గోరును అడ్డంగా ఆనించి మెల్లగా లాగాడు. ఆ తరువాత బూటును పిల్లవాడి చేతిలో పెట్టేశాడు.

"ఇది నా వల్ల కాదు మాస్టారూ. దీనికి అంచు ఒకటి కాదు, రెండు. మధ్యన గాడి ఉంది. నా చక్రం మొహం బల్లపరుపుగా ఉంటుంది. దీన్ని దాని మీద పెడితే ఆ గాడి కాస్తా పోతుంది" అన్నాడు.

నలభై ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ గాడి సంగతి నాకు తట్టలేదు, మంచు మైదానాన్ని ఎన్నడూ చూడని ఆచారి గోటికి తగిలింది. ఆ సాయంత్రం కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. ఈ వ్యాసం ఆ లెక్కల్లోంచి పుట్టింది.

పదును అనే మాట

తెలుగులో పదును అంటే అంచు వాడి మాత్రమే కాదు. వాన పడ్డాక నేల దుక్కికి అనువుగా ఉంటే దాన్నీ పదునే అంటాం. మరీ తడిగా ఉంటే నాగలికి బురద అంటుకుంటుంది, మరీ ఆరితే పెళ్ళలు లేస్తాయి. రెంటికీ మధ్యనున్న ఆ అనువే పదును. కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుమును నీళ్ళలో ముంచి గట్టిపరచడాన్ని కూడా పదును పెట్టడమే అంటాడు. అక్కడా అంతే. చాలకపోతే అంచు వంగుతుంది, మించితే గాజులా పెళుసై విరుగుతుంది. చేను, కొలిమి, అంచు మూడింటికీ మనవాళ్ళు ఒకే మాట వాడారు. చేయబోయే పనికి సరిపోయే స్థితి అన్నది దాని అర్థం.

పని మారితే అంచూ మారుతుంది. మంగలి కత్తి అంచు కోణం పదిహేను డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. వంటింటి కత్తికి రెండు వైపులా కలిపి ముప్ఫై నుంచి నలభై డిగ్రీలు. గొడ్డలికి ఇంకా మందం కావాలి, లేకపోతే మొదటి దెబ్బకే చిట్లుతుంది. వరి కోసే కొడవలికి నున్నటి అంచు పనికిరాదు. గట్టి గడ్డి దాని మీద జారిపోతుంది. అందుకే దానికి కక్కులు పెడతారు. ఒక్కో పన్నూ ఒక్కో పోచను పట్టి ఆపి కోస్తుంది.

మరి మా వాడి మంచు హాకీ స్కేటు? ఆటగాళ్ళ బ్లేడు మందం దాదాపు 2.9 మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. దాని అడుగున నిలువునా, మడమ నుంచి వేళ్ళ దాకా, ఒక సన్నటి గాడి తీస్తారు. గాడికి అటొకటి ఇటొకటి రెండు అంచులు మిగులుతాయి. ఆ అంచు కోణం ఎంతో లెక్క కడితే నాకే నవ్వొచ్చింది. మామూలుగా వాడే గాడికి అది దాదాపు 83 డిగ్రీలు. గడప చెక్క అంచు తొంభై డిగ్రీలు కదా, దానికి ఇది ఏడు డిగ్రీలే తక్కువ. మంచు మీద అంత వేగంగా తిరిగే ఆట నడిచేది మంగలి కత్తి లాంటి అంచు మీద కాదు, ఇంచుమించు గడప లాంటి అంచు మీద! అదెలా సరిపోతుందో తెలియాలంటే ముందు మంచు సంగతి చూడాలి.

ఐసు దిమ్మ ఎందుకు జారుతుంది?

మంచు మనకు కొత్త కాదు. పామర్రు నుంచి గుడివాడ మీదుగా కైకలూరు వైపు వెళితే కొల్లేటి చుట్టూ చేపల చెరువులే. వాటి వెనకే ఐసు ఫ్యాక్టరీలు. హౌరా వెళ్ళే చేపల లారీకి ఐసు లేనిదే బతుకు లేదు. అక్కడి కూలీలు మనిషి ఎత్తలేని ఐసు దిమ్మను ఒక కొక్కెంతో తగిలించి తడి నేల మీద అలవోకగా లాక్కుపోతుంటారు. అదే బరువున్న రాతి దిమ్మైతే ఇద్దరు తోసినా సులువుగా కదలదు.

ఎందుకు జారుతుంది? చాలాకాలం బడి పుస్తకాల్లో ఒక జవాబు ఉండేది. మంచును గట్టిగా నొక్కితే సున్నా కంటే తక్కువ వేడిలోనే కరుగుతుంది, స్కేటు బ్లేడు సన్నగా ఉంటుంది కాబట్టి దాని కింద ఒత్తిడి ఎక్కువై మంచు నీరవుతుంది, ఆ నీటి మీద మనిషి జారుతాడు అని. ఐర్లండు శాస్త్రవేత్త జాన్ జోలీ 1886లో స్కేటింగుకు ఈ వివరణ ఇచ్చాడు. నేనూ ఏళ్ళ తరబడి ఇదే చెప్పాను. ఇప్పుడు లెక్క వేసి చూద్దాం.

డెబ్భై కిలోల మనిషి ఒంటికాలి మీద జారుతున్నాడనుకోండి. బ్లేడు మంచును తాకే నిడివి ఓ అయిదు సెంటీమీటర్లు, మందం 2.9 మిల్లీమీటర్లు. అంటే మొత్తం బరువు ఒకటిన్నర చదరపు సెంటీమీటరు కంటే తక్కువ జాగా మీద పడుతుంది. ఆ ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 47 రెట్లు. వినడానికి చాలా ఎక్కువే. కానీ మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ దించాలంటే దాదాపు 135 రెట్లు కావాలి. మన 47 రెట్లతో దిగేది మూడో వంతు డిగ్రీ. హాకీ ఆడే మంచు సున్నాకు నాలుగైదు డిగ్రీలు కిందే ఉంటుంది. కాబట్టి లెక్క కుదరదు. అంచుల మీదే బరువంతా పడి ఒత్తిడి ఇంకాస్త పెరిగిందనుకున్నా, మామూలు బూటు వేసుకున్నవాడు కూడా ఎందుకు జారిపడతాడన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

అసలు జవాబుకు తీగ 1850లోనే మైకేల్ ఫారడే చేతికి దొరికింది. రెండు మంచు ముక్కలను ఆనించి ఉంచితే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయని చూపి, మంచు పైపొర ఎప్పుడూ కాస్త నీటిలాగే ఉంటుందని ఊహించాడు. అది నిజమని ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది. మంచు లోపల ప్రతి నీటి అణువునూ చుట్టూ ఉన్న అణువులు పట్టి ఉంచుతాయి. పైపొరలో ఉన్నవాటికి పైన పట్టుకునే వాళ్ళు లేరు. అందుకని అవి కుదురుగా ఉండవు, దొర్లుతూ ఉంటాయి. దీనికి తోడు రాపిడి వేడి ఒకటి. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కదిలే వస్తువు కింద రాపిడి వల్ల పుట్టే వేడే మంచును కరిగిస్తుందని ప్రయోగాలతో చూపారు.

మరీ చల్లబడితే పైపొర అణువులు కూడా బిగుసుకుపోయి జారుడు తగ్గుతుంది. మరీ వేడెక్కితే మంచు మెత్తబడి బ్లేడు దిగబడుతుంది. 2018లో నెదర్లాండ్స్, జర్మనీ పరిశోధకులు కొలిచి చూస్తే సున్నాకు ఏడు డిగ్రీల కింద ఉక్కు అన్నిటికంటే బాగా జారింది. మన దుక్కి లెక్కే! మంచుకూ ఒక పదును ఉంది.

ఆ పదునులో ఉన్న మంచు మీద ఉక్కుకు ఎదురయ్యే రాపిడి, మోపిన బరువులో దాదాపు రెండు వందలో వంతు. డెబ్భై కిలోల మనిషిని అదే వేగంతో జారుస్తూ ఉండడానికి మూడు వందల యాభై గ్రాముల బరువుతో లాగితే చాలు. కిరాణా కొట్లో పావుకిలో పంచదార పొట్లానికి ఇంకో వంద గ్రాములు కలిపినంత.

పడవలా ముందుకు, గోడలా పక్కకు

ఇంత నున్నగా జారితే ఇంకో చిక్కు వస్తుంది. ముందుకు తోసుకోవాలంటే కాలికి ఆనిక కావాలి. మలుపు తిరగాలంటే పక్కకు జారకూడదు. ఆగాలంటే జారుడును చంపాలి. కృష్ణా కాలవల్లో ఒకప్పుడు ధాన్యం మోసిన పడవలను గుర్తు తెచ్చుకోండి. పొడుగునా లాగితే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు పట్టుకుని నడిపించేవాళ్ళు. అదే పడవను అడ్డంగా తోయాలంటే నీళ్ళన్నీ అడ్డుపడతాయి. స్కేటు బ్లేడు మంచులో చేసేదీ అదే. పొడుగునా దారి ఇస్తుంది, అడ్డంగా పోనివ్వదు.

గాడి పని ఇక్కడే మొదలవుతుంది. అడుగు బల్లపరుపుగా ఉంటే మనిషి బరువు మొత్తం వెడల్పు మీద సర్దుకుంటుంది, అంచులు మంచులోకి దిగవు. గాడి తీస్తే బరువు రెండు అంచుల మీదికి చేరుతుంది. పాదాన్ని కాస్త వాల్చగానే ఒక అంచు మంచులోకి దిగి పట్టు దొరుకుతుంది. మంచు ఉక్కు కంటే ఎంతో మెత్తన, కాబట్టి 83 డిగ్రీల అంచు చాలు. అంతకంటే పలచన చేస్తే గోల్ స్తంభానికి తగిలిన మొదటిసారే మడత పడిపోతుంది. పలచని అంచుతో గొడ్డలి చేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే.

గాడి ఎంత లోతు ఉండాలి? స్కేట్లకు సాన పట్టే కొట్లలో లోతు పేరు చెప్పరు. ఎంత పెద్ద వృత్తంలో ముక్కలా ఆ గాడి ఉందో, ఆ వృత్తపు వ్యాసార్ధం చెబుతారు. మామూలు కొలత అర అంగుళం. వృత్తం చిన్నదైతే గాడి లోతు, పెద్దదైతే గాడి పలచన. సూత్రం చిన్నదే. మందాన్ని మందంతోనే గుణించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే లోతు వస్తుంది. అర అంగుళానికి 0.08 మిల్లీమీటర్లు వచ్చింది. ఎనిమిదింట మూడు వంతుల అంగుళానికి 0.11. ఎనిమిదింట అయిదు వంతులకు 0.07. పూర్తి అంగుళానికి 0.04.

అంటే ఆటగాళ్ళు గంటల తరబడి వాదించుకునే తేడా అంతా ఒక తల వెంట్రుక మందంలోపే ఉంది! ఆచారి గోటికి తగిలిన గాడి లోతు ఒక వెంట్రుక. ఇదే ఆ రోజు నన్ను అన్నిటికంటే అబ్బురపరచిన సంగతి.

ఆ వెంట్రుకలో ఎంత ఎంచుకోవాలో ఒంటి బరువు, మంచు తీరు, ఆట తీరు చెబుతాయి. బరువు తక్కువున్న పిల్లలు మంచును గట్టిగా నొక్కలేరు, వాళ్ళకు గాడి లోతుగా ఉంటే పట్టు దొరుకుతుంది. లావు మనిషి బరువే అంచును దింపుతుంది, ఆయనకు పలచని గాడి చాలు. మంచు బాగా చల్లబడి రాయిలా ఉంటే లోతు పెంచాలి. మెత్తగా ఉంటే తగ్గించాలి. లోతు పెరిగితే మలుపుల్లో ధైర్యం వస్తుంది. దానికి మూల్యం కూడా ఉంది. బ్లేడు మంచులోకి ఎక్కువ దిగి రాపిడి పెరుగుతుంది, కాళ్ళు త్వరగా అలుస్తాయి, ఆగడం కష్టమవుతుంది. హాకీలో ఆగడమంటే రెండు పాదాలనూ ఒక్కసారి అడ్డం తిప్పి మంచును పొట్టులా లేపుతూ నిలవడం. గాడి మరీ లోతైతే అంచు జారడానికి బదులు నాటుకుపోతుంది, మనిషి బోర్లా పడతాడు. కొత్తవాళ్ళు ఎంత పదును పట్టిస్తే అంత మంచిదనుకుని చేసే పొరపాటు ఇదే.

అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఒక్కసారిగా మార్చరు. అర అంగుళంతో మొదలుపెట్టి, పదహారో వంతు చొప్పున అటో ఇటో జరుపుతూ, నాలుగైదు ఆటలు ఆడి చూసి నిర్ణయిస్తారు. ఈ మధ్య గాడి మధ్య భాగాన్ని చదునుగా ఉంచి, అంచుల దగ్గర మాత్రమే వాలు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. పట్టు తగ్గకుండా జారుడు పెంచాలన్నది దాని ఉద్దేశం.

కూచిపూడి పళ్ళెం

అడ్డంగా ఉన్న వంపు గురించి చెప్పాను. పొడుగునా ఇంకో వంపు ఉంది. హాకీ బ్లేడు నేల మీద పెడితే ముందూ వెనకా లేచి, ఊగుడు కుర్చీ కాలిలా ఉంటుంది. ఇది చాలా పెద్ద వృత్తంలో ముక్క. తొమ్మిది అడుగుల నుంచి పదమూడు అడుగుల వ్యాసార్ధం దాకా చేయిస్తారు. పదడుగుల వంపుతో బ్లేడు మంచులోకి పదో వంతు మిల్లీమీటరు దిగిందనుకుంటే, తాకే నిడివి అయిదు సెంటీమీటర్లు. పదమూడు అడుగులైతే అయిదున్నర పైచిలుకు. తాకే నిడివి పెరిగితే నిలకడ, తిన్నగా పోయే వేగం. తగ్గితే చక్రంలా ఉన్నచోటే తిరగగల చురుకు. నిలకడ ఎక్కువ కావాల్సిన గోల్ కీపరు బ్లేడు అందుకే మందంగా, దాదాపు చదునుగా ఉంటుంది.

ఇది పామర్రు వాళ్ళకు చెప్పడం తేలిక. చల్లపల్లి రోడ్డులో కాస్త దూరం వెళితే కూచిపూడి. తరంగం ఆడే నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు ఆనించి నిలబడి, బరువును మడమ నుంచి మునివేళ్ళకు, ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తూ పళ్ళేన్ని ముందుకు నడిపిస్తుంది. పాదం పెద్దగా లేవదు, బరువు మాత్రమే కదులుతుంది. స్కేటు మీద మలుపు తిరగడమూ ఇదే విద్య. ముందు వాలితే వంపు ముందు భాగం తాకి పిల్లవాడు గిర్రున తిరుగుతాడు, వెనక్కి వాలితే పడతాడు. మా వాడికి ఆ పళ్ళెం ఆట చూపిస్తే, "తాతయ్యా, మా కోచ్ కూడా మోకాళ్ళు వంచమనే చెబుతాడు" అన్నాడు.

సాన పట్టడం

ఆచారి చక్రం మొహం చదును. స్కేటు కొట్లో చక్రం మొహం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ముందు వజ్రపు మొన ఉన్న చిన్న పనిముట్టుతో ఆ చక్రాన్నే చెక్కుతారు. అర అంగుళం గాడి కావాలంటే చక్రం అంచును అర అంగుళం వ్యాసార్ధపు వంపుగా చెక్కాలి. చక్రం ఉబ్బు బ్లేడులో గాడి అవుతుంది. తరువాత స్కేటును ఒక బిగింపులో పెట్టి, చక్రం సరిగ్గా బ్లేడు మధ్యన పడేలా ఎత్తు సరిచేసి, ఒకే ఒత్తిడితో మెల్లగా అటూ ఇటూ నడుపుతారు. ఒకచోట ఆపితే అక్కడ గుంట పడుతుంది, పొడుగు వంపు పాడవుతుంది. గట్టిగా నొక్కితే ఉక్కు వేడెక్కుతుంది. ఇదే మాట ఆచారితో అంటే, "ఇనుము నీలం తిరిగిందంటే పదును చచ్చినట్టే" అన్నాడు. నిజమే. ఉక్కు మూడు వందల డిగ్రీల దాపుకు వేడెక్కినప్పుడు పైన ఏర్పడే పొర నీలంగా కనిపిస్తుంది. అప్పటికి లోపల గట్టిపడిన అమరిక సడలడం మొదలవుతుంది.

గాడి తీసిన తరువాత అంచుల వెంట కంటికి కనపడని ఇనుప పొర లేచి ఉంటుంది. దాన్ని సన్నరాయితో పక్కల నుంచి తీసేయాలి. చివరిగా రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూస్తారు. దానికి మామూలు చిట్కా ఒకటుంది. స్కేటును తలకిందులు చేసి, బ్లేడు మీద అడ్డంగా ఒక నాణెం పెట్టి ఎదురుగా చూడాలి. నాణెం ఒక వైపు ఒరిగితే ఆ వైపు అంచు తక్కువ. ఒరిగిన అంచుతో ఆడితే ఒక కాలు పట్టు తప్పుతుంది, పిల్లవాడు తనకే చేతకావడం లేదనుకుంటాడు. సాన పట్టించిన ప్రతిసారీ ఈ పరీక్ష కొట్లోనే చేసుకోవాలి. ఇంకో సంగతి. కొత్తగా కొన్న స్కేట్లు చాలావరకు సాన పట్టకుండానే వస్తాయి. పెట్టె విప్పి నేరుగా రింకులోకి దిగితే జారిపడడమే.

పదును పోయేది ఎందుకు? మంచు వల్లే అనుకుంటాం. మంచు చేసేది కొంతే. ఎక్కువ చెరుపు చేసేది ఇసుక. రింకు నుంచి గదికి నడిచే దారిలో బూట్ల వెంట వచ్చిన ఒక్క రేణువు చాలు. ఇసుక అంటే సిలికా. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ కొలమానంలో అది ఏడో మెట్టు. గట్టిపరచిన ఉక్కు దానికి కాస్త కిందే ఉంటుంది. మన కొడవలి సంగతీ అంతే. వరి మొక్క నేలలోంచి సిలికాను పీల్చి కాండంలో, ఆకులో, ఊకలో దాచుకుంటుంది. ఎండుగడ్డి బరువులో దాదాపు పదో వంతు అదే. ఎకరం కోసేసరికి కొడవలి ఎందుకు మొద్దుబారుతుందో, కోత యంత్రాల బ్లేడ్లు ఎందుకు అంత త్వరగా అరుగుతాయో ఇప్పుడు అర్థమవుతుంది. చేలో అయినా, రింకులో అయినా పదును తినేది ఆ ఇసుకే. రెండో శత్రువు తుప్పు. ఆట అయ్యాక బ్లేడును తుడవకుండా తొడుగు వేసి సంచిలో పడేస్తే తెల్లారేసరికి అంచు మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి.

ఐసు ఫ్యాక్టరీ నుంచి రింకుకు

టెక్సాస్ ఎండలు మన రోహిణీ కార్తెకు తీసిపోవు. అక్కడ మంచు ఆట ఏమిటని మా అక్క ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. ఫ్రిస్కోలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. డల్లాస్ స్టార్స్ అనే హాకీ జట్టు సాధన చేసే రింకు కూడా ఆ ఊళ్ళోనే ఉంది. గుళ్ళో శ్లోకాలు నేర్చుకునే పిల్లలే సాయంత్రం హాకీ సంచి మోస్తారు. రింకు లోపలి ఏర్పాటు మన ఐసు ఫ్యాక్టరీ సూత్రమే. కాంక్రీటు నేలలో గొట్టాలు పరిచి, గడ్డకట్టని ద్రవాన్ని బాగా చల్లబరచి వాటిలో తిప్పుతారు. పైన నీటిని పలచని పొరలుగా చల్లుతూ గడ్డ కట్టిస్తారు. మొత్తం మంచు మందం అంగుళం, అంగుళంన్నర.

ఈ రెంటికీ ఇంకా దగ్గర చుట్టరికం ఉంది. ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన కాలిఫోర్నియాలో తమ్ముడితో కలిసి ఐసు దిమ్మలు తయారుచేసి అమ్మేవాడు. ఇళ్ళలోకీ కొట్లలోకీ ఫ్రిజ్‌లు వచ్చి దిమ్మల గిరాకీ పడిపోయింది. చేతిలో ఉన్న విద్యను ఏం చేసుకోవాలా అని ఆలోచించి 1940లో స్కేటింగ్ రింకు తెరిచాడు. గీతలు పడిన మంచును చేత్తో చెక్కి, కడిగి, నీళ్ళు పట్టడానికి చాలా సేపు పట్టేది. 1949లో ఆ పనులన్నీ ఒక్కటే చేసే బండిని తయారుచేశాడు. ఇవాళ ఏ రింకులో చూసినా ఆ బండికి ఆయన పేరే. ఆ బండి కింద కూడా మంచును సన్నగా గీసే ఒక పొడుగాటి బ్లేడు ఉంటుంది. దానికీ సాన పట్టాలి.

స్కేట్ల తయారీలో పేరున్న సీసీఎం కంపెనీ కథా ఇలాంటిదే. 1899లో కెనడాలో సైకిళ్ళ తయారీదారులు కలిసి పెట్టిన సంస్థ అది. సైకిళ్ళ గిరాకీ తగ్గాక స్కేట్ల వైపు మళ్ళింది.

సామాను దొరికే దారి

మనకు హాకీ అంటే పచ్చిక మీది ఆట. మంచు హాకీ మన దేశంలో ప్రధానంగా లడఖ్‌ది. మొదట్లో అక్కడి సైనికులు బూట్ల అడుగున ఇనుప పలకలు బిగించుకుని ఆడారు. సామాను కొనుక్కునే స్తోమత లేక, ఇతర దేశాల ఆటగాళ్ళు పంపిన పాత స్కేట్లతో చాలామంది నేర్చుకున్నారు. అలా మొదలైన ఆటలో మన అమ్మాయిల జట్టు 2017లో ఫిలిప్పీన్స్ మీద తొలి గెలుపు చూసింది. 2025లో ఆసియా కప్పులో కాంస్యం తెచ్చింది. ఆ సంవత్సరం జనవరిలోనే లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ అమ్మాయి నయనశ్రీ మంచు స్కేటింగులో బంగారు పతకం గెలిచింది. మంచు పడని నేల మీద పుట్టినవాళ్ళు చక్రాల మీద నేర్చుకుని మంచు మీదికి వెళ్ళవచ్చు. చక్రాల మీదే ఉండి పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగులో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు.

కాబట్టి విజయవాడ చుట్టుపక్కల పిల్లవాడికి స్కేట్లు కొనాలనుకునే తల్లిదండ్రులు చక్రాలతోనే మొదలుపెట్టాలి. అక్కడ బ్లేడు గాడికి బదులు చక్రం గట్టిదనం చూడాలి. చక్రం మీద 76, 78, 82, 84 అని అంకె, పక్కన ఏ అనే అక్షరం ఉంటాయి. అంకె పెరిగితే చక్రం గట్టిది. నున్నటి లోపలి నేలకు మెత్తటి చక్రం పట్టు ఇస్తుంది. గరుకు సిమెంటు మీద మెత్తటిది రబ్బరులా అరిగిపోతుంది, గట్టిది కావాలి. మళ్ళీ అదే మాట, నేలను బట్టి పదును.

విదేశాల్లో ఉన్నవాళ్ళు మంచు స్కేట్లు కొనేటప్పుడు మామూలు బూటు కంటే ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువ చూడాలి. ఎదుగుతున్నాడు కదా అని రెండు సైజులు ఎక్కువ కొనడం మనవాళ్ళ అలవాటు. బట్టలకు అది చెల్లుతుంది, స్కేట్లకు చెల్లదు. పాదం లోపల కదిలితే, వెంట్రుక మందం లెక్కలన్నీ వృథా. పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి ఒకరు వాడి వదిలేసిన స్కేట్లు సగం కంటే తక్కువ ధరకే దొరుకుతాయి. బ్లేడులో ఇంకా ఎంత ఉక్కు మిగిలిందో మాత్రం చూసుకోవాలి. సాన పట్టిన ప్రతిసారీ కాస్త ఉక్కు పోతుంది, అది తిరిగి రాదు. మోచేతి, మోకాలి కవచాలు, కర్రలు కూడా పాతవి కొనవచ్చు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. లోపలి మెత్త ఎన్ని దెబ్బలు తిన్నదో బయటికి కనపడదు.

మా వాడు దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ సాన పట్టించుకున్నాడట. ఎప్పుడూ వాడే అర అంగుళం కాకుండా, ఎనిమిదింట అయిదు వంతులు అడిగాడట. "మాల్‌లో మంచు మెత్తగా ఉంది తాతయ్యా. పొద్దుటి నుంచి జనం తొక్కుతున్నారు. లోతు గాడైతే దిగబడుతుంది" అన్నాడు. వాడి ఒంటి బరువు ఒక మాట చెప్పింది, మంచు ఇంకో మాట చెప్పింది. వాడు మంచు మాట విన్నాడు. ఆచారితో ఈ సంగతి చెబితే తల ఊపి, "ఆడినాక గుడ్డతో తుడిచాడా?" అని అడిగాడు.

తుడవలేదు. ఆ సాయంత్రమే మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. మీ ఇంట్లో స్కేటు ఉన్నా, కొడవలి ఉన్నా, కత్తిపీట ఉన్నా, పని అయ్యాక తడి తుడిచి పెట్టండి. సాన ఖర్చు కొంత మిగులుతుంది.